అతుక్కున్న రెండు కాగితాలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కొత్తగూడెంలో ఒక ప్రెస్సులో కంప్యూటర్ మీద కంపోజింగ్ చేసేదాన్ని. అక్కడ ఆఫ్‌సెట్ మెషిన్ నడిపిన పెద్దాయన్ని తలుచుకుంటే ముందు ఆయన ఊపిరే గుర్తొస్తుంది.

ఆ మెషిన్‌లో కాగితం పోయే దారికి పైన చిన్న దీపం, కింద దాని వెలుతురును కనిపెట్టే సెన్సర్ ఉండేవి. ఒక్క కాగితమైతే వెలుతురు కిందికి దిగేది. రెండు అతుక్కొని వస్తే ఆ వెలుతురు మసకబారి, మెషిన్ టక్కున ఆగిపోయేది.

వానాకాలం కాగితం చెమ్మ పీల్చి మాటిమాటికీ అతుక్కునేది. ఓనరు విసుక్కునేవాడు. ఈయన మాత్రం ఆ రెండింటినీ బయటికి తీసి, అంచున మెల్లగా ఊది, బొటనవేలితో విడదీసి, "తొందరేంది బిడ్డా, ఒకల ఎనక ఒకలు పోవాలె" అని కాగితాలకే చెప్పేవాడు.

ఒక ముసురులో ఆయన భార్య పోయింది. చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు కార్డు నేనే కంపోజ్ చేశాను.

"ఇయ్యాల ఇంటికాడ ఉండు పెద్దాయనా" అన్నాడు ఓనరు.

"ఆమె కార్డు ఇంకొకలు ఏస్తరా సార్?" అని ఆయనే మెషిన్ దగ్గర నిలబడ్డాడు.

సగంలో మెషిన్ ఆగింది. ఇంకా అచ్చుపడని రెండు కాగితాలు బయటికి తీశాడు. అలవాటుగా పెదవులు ముందుకొచ్చాయి కానీ ఊదలేదు. కిటికీ వైపు ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇటియ్యి బాబాయ్, నేను తీస్త" అని చెయ్యి చాపాను.

"వద్దు బిడ్డా. ఇయ్యి గిట్లనే ఉండనియ్యి."

విడదీయకుండానే మడిచి, అంగీ జేబులో పెట్టుకొని మెషిన్ ఆన్ చేశాడు.