లేహ్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు నాలుగే గంటలు

కుట్టుదారంతో ఒక పెళ్లి సంబంధానికి ఉరి బిగించబోయిన ఘనత నాది. ఎనభైల చివర్లో, తెనాలిలో లెక్కల టీచరుగా నేను వెలిగిపోతున్న రోజులవి. ఆ వెలుగు నా ఒక్కదాని కళ్లకే కనిపించేది లెండి.

మా తమ్ముడు సుధాకర్‌కు లేహ్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. చూడబోయే పిల్ల వాళ్లుండేది పోర్ట్‌బ్లెయిర్‌లో. ఒకటి దేశం నెత్తిన, ఒకటి సముద్రం నడుమ. పిల్ల మేనమామ, రేపల్లె ప్రకాశరావు గారు, మధ్యవర్తి.

"అమ్మా, శనివారం పెళ్లిచూపులన్నారు మా బావ. అబ్బాయి అందుకుంటాడా? అవతల ఇంకో సంబంధం కాచుకుని ఉంది."

అట్లాసు తెరిచాను. దారం పరిచి స్కేలుతో కొలిచాను. రమారమి మూడు వేల కిలోమీటర్లు. విమానం గంటకు ఏడు వందల యాభై.

"నాలుగు గంటలండీ. ఎనిమిదింటికి ఎక్కితే పన్నెండింటికి దిగుతాడు. మామిడికాయ పప్పు చెయ్యమనండి, వాడికిష్టం."

చూశారా పొగరు! దూరం అడిగితే వంటకం కూడా చెప్పాను.

ట్రంకాల్‌లో తమ్ముడు మొత్తుకున్నాడు. "అలా కాదక్కా, గురువారమే బయల్దేరనీ. ఢిల్లీ వెళ్లి..."

"నాకు లెక్కలు నేర్పుతావా? శనివారం బయల్దేరు. సెలవులు దండగ చెయ్యకు."

"అది కాదక్కా..."

"మూడు నిమిషాలయ్యాయి. పెట్టెయ్!"

ఆదివారం పొద్దున్నే, బాపట్లలో ఎవరింటికో వెళ్లి వస్తున్న ప్రకాశరావు గారు మా గుమ్మంలో ఊడిపడ్డారు.

"ఏంటమ్మా ఇది? మా బావ పూలదండ పట్టుకుని ఎయిర్‌పోర్టుకెళ్తే గేటుకి తాళమంట! ఆ రోజు విమానమే లేదంట!"

"ఎదురుగాలి ఉండుంటుందండీ. అరగంట కలుపుకోండి."

"నిన్న మధ్యాహ్నం సంగతి! అరగంటేంటమ్మా? రేపు సాయంత్రం దాకా చూసి అవతలి వాళ్లకి మాటిచ్చేస్తాడంట. ఇంకా తిట్టేవాణ్ణే, బండి టైమవుతోంది. బాపట్ల నుంచి రేపల్లె పోవాలంటే మీ తెనాల్లో దిగి బండి మారక చావదు గదా!"

ఆయన వెళ్లిపోయారు. అప్పుడు వెలిగింది నాకు. జంక్షన్ ఊళ్లో పుట్టి పెరిగిన మేధావికి ఆకాశంలోనూ జంక్షన్లుంటాయని తోచలేదు! దారం పరిచిన చోటల్లా విమానం ఎగరాలని ఎవరు శాసించారు? నేనే!

తమ్ముడు ఢిల్లీలో మారి, కలకత్తాలో పడిగాపులు పడి, సోమవారం మధ్యాహ్నం మాసిన చొక్కాతో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాడు.

"ఇవా నాలుగు గంటలు?" అన్నాడట పిల్ల తండ్రి.

"మా అక్క లెక్కండీ."

"తప్పని తెలిసీ విన్నావా?"

"వినకపోతే డస్టర్ విసురుతుందండీ."

లోపల పిల్ల పకపకా నవ్విందట. బయటికొచ్చి, "పెళ్లయ్యాక కూడా ఆవిడ లెక్కేనా?" అని నిలదీసిందట.

"మీ లెక్కేనండీ!" అన్నాడట మా వీరుడు.

సంబంధం కుదిరింది. పెళ్లిలో విస్తళ్లు లెక్కపెట్టే పని కూడా నాకివ్వలేదు. నేను చర్చిలో మోకరించి గంభీరంగా ప్రమాణం చేశాను: ఎవరు ఎప్పుడొస్తారని అడిగినా, వాళ్లు వచ్చి కాళ్లు కడుక్కున్నాకే చెబుతాను.