బైరాగి బాగుచేసిన బ్రేకు

“తప్పు నాదే. హ్యాండ్‌బ్రేకు వెయ్యడం మరిచిపోయాను” అని పోలీసులకివ్వడానికి ఎవరో రాసి తెచ్చిన కాగితం కింద బైరాగి సంతకం పెట్టాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉన్న తిరుపతిరావు గారి కారుకు అతను పదకొండేళ్లుగా డ్రైవరు. “సంతకం ఎట్టీరా. మిగతాది నాను సూసుకుంతాను. నీ పనెక్కడికీ పోదు” అని ఆయన భుజం తట్టాడు. పదకొండేళ్లలో ఆ భుజం మీద ఆయన చెయ్యి పడడం అదే మొదటిసారి.

జరిగింది ఇది. 2004 ఏప్రిల్లో ఒక సాయంత్రం ఫ్యాక్టరీ గేటు ముందున్న వాలులో కారు ఆగింది. “ఇంజను ఆపకు, మళ్లీ బయలెల్లిపోవాల. లోపల బల్ల మీద కాగితాలున్నాయి, పట్రా” అన్నాడు తిరుపతిరావు కిందికి దిగుతూ. ఇంజను తిరుగుతుంటే గేరులో పెట్టి దిగడం కుదరదు. బైరాగి హ్యాండ్‌బ్రేకు లాగి లోపలికి పరిగెత్తాడు. కారు దానంతటదే వెనక్కి జారింది. పొద్దస్తమానం జీడిపిక్కలు కొట్టి ఇంటికి పోతున్న అసిరమ్మ పాదం మీదుగా వెళ్లి, గోడకు గుద్దుకుని ఆగింది.

బ్రేకు లాగానని బైరాగికి తెలుసు. అది పట్టదని తిరుపతిరావుకూ తెలుసు. మంచి హ్యాండ్‌బ్రేకు పిడి లాగితే కిట్‌కిట్‌మని నాలుగైదు పళ్లు లేచేసరికే బిగుసుకుంటుంది. ఆ కారులో పన్నెండు పళ్లు లేచినా మెత్తగా, బురదలోంచి గడ్డిపోచ పీకినట్టు వచ్చేసేది. “బావూ, కేబులు వదులైపోనాది, మార్పించాలండి” అని ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. “కాలి బ్రేకు పడతంది గదా? సేతి బ్రేకుతో నీకేటి పనిరా?” అనేది ఆయన ఎప్పుడూ చెప్పే జవాబు.

ఆ కాగితం తర్వాత పక్కనే ఉన్న కాశీబుగ్గ కార్ల స్టాండులో బైరాగి పేరే మారిపోయింది. “ఏరా బ్రేకు మర్సిపోనోడా, టీ తాగడం మర్సిపోనేదేటి?” అని ఒకడంటే, “ఇంటికి పోడం మర్సిపోకు, నీ పెళ్లాం ఎతుక్కుంతాది” అని ఇంకొకడు. బైరాగి కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా అంటారు మరి.

నాలుగోరోజున తిరుపతిరావే పిలిచాడు. “ఒరే, ఆ కేబులు మార్పించీ. ఇయ్యాలే ఎల్లు.” ఏడాదిగా అడుగుతున్నది ఒక్క మాటలో అయిపోయింది. బాబుకి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకున్నాడు బైరాగి. ఇవాళే ఎందుకని అడగలేదు. ఆ సంతోషంలో టెక్కలి దాకా కారుని పూలబుట్టలా తీసుకెళ్లాడు.

టెక్కలిలో గోవిందుకి కార్లు బాగుచేసే చిన్న షెడ్డు ఉంది. బైరాగికి వరసకు బావ. “మళ్లీ వచ్చినావేటి బావా? నట్టు బిగించి పంపినాను గదా మొన్న సంకురాత్రికి.”

“నువ్వు బిగిత్తావు, అది రెండ్రోజులుంతాది. మూడోరోజు మళ్లీ మామూలే. బిగించడమేనా, ఎందుకు వదులౌతందో సూసేదుందా?”

మాట తగిలింది. గోవిందు వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపాడు. “కాలి బ్రేకు తొక్కు” అన్నాడు. రెండూ ఆగాయి. “బ్రేకు లైనర్లు బాగున్నాయి. జబ్బు చక్రంలో కాదు. ఇప్పుడు సేతి బ్రేకు లాగు.” ఎడమ చక్రం కొంచెం పట్టింది. కుడిది గోవిందు వేలితో తోస్తే గిర్రున తిరిగింది. అతను కారు కిందికి దూరి, కుడివైపు కేబులు విప్పి, తొడుగులోంచి లాగాడు. సగం దాకా వచ్చి మొరాయించింది. కిరసనాయిలు పోసి గట్టిగా లాగితే ఉప్పు పేరుకున్న తుప్పు పొడుముతో సహా ఊడివచ్చింది. పేటలన్నీ తెగిపోయి, రెండంటే రెండు తీగలు మిగిలాయి.

“నాను బిగించినప్పుడల్లా ఒక్కో పేట తెగింది బావా. తెగినప్పుడల్లా వదులైంది. ఇంత ఉప్పు ఎక్కడిదిరా దీనికి?”

వారం వారం సముద్రం ఒడ్డున ఉన్న బారువ నుంచి తిరుపతిరావు చుట్టాలకు, ఆఫీసర్లకు ఉప్పుచేపల బుట్టలు వెళ్లేవి ఆ కారు డిక్కీలోనే. ఉప్పునీరు కిందికి కారేది. అంతే కాదు, బైరాగి బారువ పక్క ఊరి బెస్తల పిల్లాడు. బుట్టలు తెచ్చిన ప్రతిసారీ వాసన పోవాలని ఉప్పుటేరులో కారు దింపి, అడుగు దాకా కడిగేవాడు. పడవని కడిగినట్టు. పడవ చెక్క గనక బతుకుతుంది. ఇనుము బతకదు. ఆ ముక్క గోవిందు చెప్పేదాకా అతనికి తట్టలేదు. ఆ తప్పులో తన పాలు ఎంతో అప్పుడు తెలిసి తల వంచుకున్నాడు.

కొత్త కేబుళ్లు రెండూ వేశారు. గ్రీజు పట్టించారు. అయిదో పన్ను దగ్గర చక్రాలు బిగుసుకునేలా, వదిలితే తేలిగ్గా తిరిగేలా సరిచేశారు. తిరిగొస్తూ బైరాగి వాలు కనిపించిన చోటల్లా కారు ఆపి, బ్రేకు లాగి, కాలు తీసి చూసుకున్నాడు. కదిలితే ఒట్టు.

తొమ్మిదోరోజున పోలీసులు పంపిన బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి, అదే వాలులో కారు పరీక్ష చేసి, “హ్యాండ్‌బ్రేకు సక్రమంగా ఉన్నది” అని రాసుకుపోయాడు.

“సూసినావా?” అన్నాడు తిరుపతిరావు చల్లగా. “బ్రేకు దివ్యంగా ఉన్నాదట.”

ఇంటికొచ్చి బైరాగి గోడకు చేరబడ్డాడు. విషయం విని భార్య చిన్నమ్మి భగ్గుమంది. “ఏడాదంతా వద్దన్నోడు ఇనిస్పెక్టరొచ్చే ముందు ఎకాయెకీ సెయ్యమంటే ఎందుకని అడగవా? నీ నోట్లో నాలికేటి అయిపోనాది మావా?”

“పాడైంది కనబడితే సెయ్యి ఊరుకోదే” అన్నాడు.

మర్నాడు అసిరమ్మను చూడబోయాడు. క్షమించమనబోతే ఆమె అడ్డుపడింది. “నువ్వు బ్రేకు లాగిన సప్పుడు నాను ఇన్నానురా, కిట్‌కిట్‌మని సానాసేపు. ఎవులడిగినారు నన్ను? పోలీసోళ్లు కాలిరిగిందా అన్నారు, ఏలిముద్ర ఎయ్యమన్నారు, అంతే.”

ఈసారి బైరాగి ఊరుకోలేదు. ఆ కాగితం మీద తనతో బలవంతాన సంతకం పెట్టించారని వకీలు చేత రాయించి కోర్టులో ఇచ్చాడు. మర్నాడే పని పోయింది. పాత కేబులు గోవిందు చెత్తలో పడేస్తే తనే ఏరుకుని తెచ్చుకున్నాడు, అది ఉంది. కానీ పిక్కలు కొట్టే ఆడమనిషికి బ్రేకుల సంగతి ఏం తెలుసని అవతలి వకీలు అంటాడు. ఆ సంగతి తెలిసిన గోవిందు సాక్ష్యానికి రానంటున్నాడు. “తిరుపతిరావు గారి లారీలన్నీ నా షెడ్డుకే వత్తాయి బావా. నన్నొగ్గీ.” తిట్టడానికి కూడా బైరాగికి మనసు రాలేదు.

జూలైలో వాయిదా. శిక్ష పడితే లైసెన్సు పోతుంది, అసిరమ్మ పాదానికి బాధ్యుడు బైరాగి ఒక్కడే అవుతాడు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా రోడ్డు పక్క షెడ్లలో నడుము వంచి పనిచేసే మెకానిక్కుల్లారా, మీలో ఒక్కరు రండి. ఆ కేబులు చేతిలోకి తీసుకుని చూడండి. రెండు తీగల మీద వాలులో కారు నిలుస్తుందా, నిలవదా, మీకు తెలిసిందే కోర్టులో చెప్పండి. మెకానిక్కులు కానివాళ్లు, ఇది మీకు తెలిసిన మెకానిక్కుకి చదివి వినిపించండి. వాయిదా లోపే.