బోనులో కట్టిన మేక

బార్డోలీ దగ్గర మేమున్న ఆ చలికాలాన్ని నేనింకా మర్చిపోలేదు.

సూరత్‌లో షెడ్డు అద్దె పెరిగిందని మా సేఠ్ మరమగ్గాలను బార్డోలీ పక్క పల్లెకు మార్చాడు. తెలంగాణ నుంచి వచ్చిన మా నేత కుటుంబాలన్నీ షెడ్డు వెనక గదుల్లో చేరాయి. గోడ దాటితే చెరకు తోట. మనిషి లోపలికి పోతే మళ్ళీ కనబడడు. అందులో చిరుతపులి తిరుగుతోందని వచ్చిన వారంలోనే చెప్పారు. అదీ ఎట్లా? ఈ పూట కరెంటు ఉండదు అన్నంత మామూలుగా! అక్కడివాళ్ళు దాన్ని దీపడో అంటారు.

ఆ తోట ఆసామి ఉండేది సూరత్‌లో, ఆల్థాన్‌లోని అపార్ట్‌మెంటులో. ఆదివారం ఆదివారం కారు వెనక సీట్లో దూడంత కుక్కను కూర్చోబెట్టుకుని ఫామ్‌హౌస్‌కు వచ్చేవాడు. చిరుత సంగతి ఎవరెత్తినా నవ్వేవాడు. "దీపడో మా చౌకీదార్. అది ఉంటే పందులు చెరకులో కాలు పెట్టవు. జీతం అడగదు, ఛుట్టీ అడగదు."

అడవిపందులు పడితే చెరకు మిగలదు, ఆ మాట నేనూ కాదనను. కానీ ఆయన దుప్పటి కప్పుకునేది ఆల్థాన్‌లో. తోట గట్టు మీద టార్పాలిన్ గుడిసెల్లో పడుకునేది చెరకు కొట్టే కూలీలు.

వాళ్ళలో డాంగ్ కొండల నుంచి వచ్చిన ఒకామె మా గోడ పక్కనే ఉండేది. చంకలో చంటిపాప. తల్లికి పాలు పడలేదు. వెంట తెచ్చుకున్న ఒక్క మేక పాలే ఆ పిల్లకు ఆధారం. చీకటి పడితే మేకను బయట ఉంచడానికి భయం. గుడిసెలోకి తెచ్చి, తాడు తన కాలికి కట్టుకుని, ఇవతల పాపను పెట్టుకుని పడుకునేది. మేక వాసన పట్టుకుని చిరుత వస్తే దానికి ముందు దొరికేదెవరు? తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టేది కాదు.

"తాయీ, రాత్రిపూట మేకను మీ షెడ్డులో కట్టుకోనివ్వండి. తెల్లారగానే తీసుకెళ్తా" అని ఒకరోజు వచ్చీరాని హిందీలో అడిగింది. తాయీ అంటే వాళ్ళలో అక్క.

మా ఆయనను అడిగాను. "ఏందే, దిమాక్ గిట్ల ఖరాబైందా? కోరాగుడ్డకు మేక కంపు పడ్తె సేఠ్ మనల్ని ఉంచుతడా?" అన్నాడు.

పక్క మగ్గం మీదున్న మరిది వరసాయన ఇంకా ఘనుడు. "కూలోళ్ళ మేకకు గిప్పుడు ఏసీ రూం గావాల్నట వదినె!" అని పళ్ళికిలించాడు. మేమేదో జమీందార్లమైనట్టు!

ఆ వాసనకు అంత ముక్కు మూసుకున్న పెద్దమనుషులు ఆదివారం యాట కోశాక ఏం చేసేవారో చెప్పనా? పేగులూ, పేడతో సహా పొట్టా, అన్నీ బకెట్లో వేసి గోడ మీంచి చెరకులోకి గుమ్మరించేవారు. థూ! రెండోరోజుకు ఈగలు ముసిరి అన్నం తినబుద్ధయ్యేది కాదు. ఆ కంపుకు కుక్కలు, కుక్కల కోసం చిరుత. నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. "పిల్చి దావత్ ఇస్తున్నరు గదరా దానికి!" అని అరిచాను. విన్నవాడు లేడు.

మా ఊరి వైపు కూడా పెద్దపులి వచ్చిందని అప్పుడే అమ్మ ఫోన్‌లో చెప్పింది. "పత్తి ఏరనీకి ఒక్కళ్ళం పోతలేం బిడ్డా. అందరం కల్సే పోతున్నం, కల్సే వస్తున్నం" అంది. ఇక్కడ మావాళ్ళు కలిసి చేసిన పని, ఇంకో ఆదివారం ఇంకో యాటను కోయడం.

ఒక ఆదివారం, ఇంకా ఎండ ఉండగానే, ఆసామి కుక్క చెరకు అంచుకు పోయి తిరిగి రాలేదు. మెడపట్టీ మాత్రం దొరికింది. అంతే, చౌకీదార్ కాస్తా రాక్షసి అయిపోయింది! ఎవరెవరికో ఫోన్లు చేశాడు, ఆ వారం సూరత్ పోకుండా ఫామ్‌హౌస్‌లోనే ఉండిపోయాడు. మర్నాడే ఫారెస్టువాళ్ళ బోను దిగింది. ఎరకు కోడైనా సరే, మేకైనా సరే అని చెప్పి బోను తెచ్చినవాళ్ళు జీపు దగ్గరికి వెళ్ళారు. ఆసామి వేలు తిన్నగా ఆమె గుడిసె వైపు తిరిగింది.

ఆమె మేక మెడ వాటేసుకుంది. "పాపకు పాలు, సాహెబ్" అంది.

"నా చెరకు ఆకు తిని బతికిన మేక. నా అవసరానికి రాదా?"

చెరకు కొట్టినవాళ్ళకే పై ఆకు చెందుతుంది. అక్కడ ఎప్పట్నించో ఉన్న ఆనవాయితీ అది. కట్టలు కట్టి అమ్ముకుంటారు, తమ పశువులకు వేసుకుంటారు. ఆమె అదే చెప్పింది. "ఆకు కొట్టినవాళ్ళదే కదా, సాహెబ్."

ఆసామి ఆమెతో మాట్లాడడం మానేసి మొగుడి వైపు చూశాడు. "రేపట్నించి పని కావాలా, వద్దా?"

మొగుడే తాడు విప్పాడు. నేను ఆగలేక హిందీలో అరిచాను, కోడిని నేను తెచ్చిస్తాను, ఆ మేకను వదిలేయండి అని. మా ఆయన నా రెక్క పట్టి లాగాడు. "మనకెందుకే, జర నోర్మూస్కో."

"మధ్యలో ఇనుప జాలీ ఉంటుంది, గోరు కూడా తగలదు" అన్నాడు ఆసామి.

తెల్లారేసరికి చిరుత బోనులో ఉంది. జనం సంతకు వచ్చినట్టు వచ్చారు. మావాళ్ళు మగ్గాలు ఆపి మరీ వచ్చారు, ఈలలు, ఫోన్లు. ఒకడు కర్రతో దాని పొట్టలో పొడిచి మిగతావాళ్ళ వైపు చూసి నవ్వాడు. ఊచలు కొరికి దాని మూతంతా రక్తం. జాలీకి అవతల మేక కాళ్ళు బిగదీసుకుని, తన ఉచ్చలోనే నిలబడి ఉంది. దాని వైపు చూసినవాడు లేడు. ఆసామి బోను పక్కన ఫొటో దిగి, ప్రకృతితో కలిసి బతకాలని రాసి అందరికీ పంపాడట. మా మరిది నాకు చూపించి మురిసిపోయాడు. ఛీ, ఏం మనుషులు!

చిరుతను తీసుకెళ్ళాక ఆసామి తాడు ఆమె చేతికిచ్చాడు. "చూశావా, గీతైనా పడలేదు. నీ మేక నీకే."

ఆమె గుడిసె ముందు కూర్చుని, పొదుగు కడిగి పితికింది. చుక్క రాలేదు. సాయంత్రం పితికింది. రాలేదు. మర్నాడు పొద్దున మేక ఆమె చెయ్యి తగలగానే వణికింది.

కారెక్కుతున్న ఆసామి దగ్గరికి పోయి చెప్పాను, పాలు ఎండిపోయాయి, పిల్ల పస్తులుంటోంది అని.

"మేక బతికే ఉందిగా? ఇంకేం కావాలి?" అని అద్దం ఎక్కించుకున్నాడు.

మా చాయ్‌కి తెచ్చిన ప్యాకెట్ పాలు కాచి, నీళ్ళు కలిపి పట్టుకెళ్ళాను. తల్లి చెంచాతో పట్టింది. పాప ఆ గుక్కను కాసేపు నోట్లో ఉంచుకుని, తల్లి మొహంలోకి చూసి, ఉమ్మేసింది.