డాక్టరు మైకు ఆపమన్నారు

గూడ్సు బండి ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగింది. ఎర్రదీపం. డీజిల్ ఇంజన్లో పాయిఖానా ఉండదని చాలామందికి తెలీదు. మేం డ్రైవర్లం బండి ఎక్కడ ఆగితే అక్కడే దిగి, పట్టాల పక్కన కానిచ్చుకుని ఎక్కేత్తాం. ఆ రోజూ అలగే దిగాను. నిలబడ్డాను. రాదే! పొత్తికడుపు రాయిలా బిగిసిపోయింది, చుక్క పడటం లేదు. ఈలోగా సిగ్నల్ ఇచ్చేశారు. పైనుంచి నా అసిస్టెంటు మహతో, "దాదా, చలియే, లైన్ క్లియర్ మిల్ గయా" అని పిలుస్తుంటే అలగే ఎక్కేశాను. టాటానగర్ వచ్చేదాకా సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను.

నిజానికి అంతకుముందు నుంచే రాత్రిళ్ళు మాటిమాటికీ లేవడం, సన్నటి ధార, అయిపోయిందనుకున్నాక మళ్ళీ నాలుగు చుక్కలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే రైల్వే డాక్టరు దగ్గరకి పంపుతారు, ఆయన అన్‌ఫిట్ అని రాసేత్తే ఇంజన్ దిగిపోవాలి. ఇంజన్ దిగితే ఇంక నేనేటి? డ్యూటీకెళ్ళే ముందు నీళ్ళు తాగడం మానేసి, అదే వైద్యం అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం బర్మామైన్స్‌లో మా రైల్వే క్వార్టర్లో ఉండగా పూర్తిగా ఆగిపోయింది. ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. గోడ పట్టుకుని ఏడ్చేశాను. మా ఆవిడ సత్యవతి ఆటో పిలిచి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. యూరాలజిస్టు ఊళ్ళో లేరు, కాన్ఫరెన్సుకి వెళ్ళారన్నారు. "ఇక్కడ మనిషి పోతుంటే ఈయనకి కాన్ఫరెన్సులేటి?" అని ఆవిడ కౌంటరు దగ్గరే కడిగేసింది. డ్యూటీ డాక్టరు కాథెటర్ పైపు వేసి సంచీ తగిలించారు. సంచీ నిండుతుంటే ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ సంచీ నా కాలికే ఉండిపోయింది. రెండుసార్లు పైపు తీసి చూశారు, రెండుసార్లూ ఆగిపోయింది.

అల్ట్రాసౌండ్ చేశారు. రక్తపరీక్షలో పీఎస్ఏ ఎక్కువుందన్నారు, ముక్క తీసి బయాప్సీకి పంపాలన్నారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరమూ ఆ క్యాన్సర్ అన్న మాట నోటితో అనలేదు. వంటింట్లో గిన్నె పడినా ఉలిక్కిపడేవాణ్ణి. కాన్ఫరెన్సు నుంచి తిరిగొచ్చిన డాక్టరుగారే రిపోర్టు చూసి, క్యాన్సర్ కాదు, ప్రోస్టేట్ బాగా పెరిగిపోయింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు.

ఆయన సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. లేజర్‌తో ఈ ఆపరేషన్ చెయ్యడం మీద పరిశోధన చేత్తన్నారట. ఏ ఊళ్ళో కాన్ఫరెన్సు పెట్టినా వెళ్ళి నేర్చుకొస్తారట. ఇప్పుడు మన ఆసుపత్రిలోనే డాక్టర్ల మీటింగు ఉంది, ఆ రోజు నాకు లేజర్ చేస్తే ఆడిటోరియంలో కూర్చున్న డాక్టర్లు టీవీలో చూత్తారు, మీరు ఒప్పుకుంటేనే అన్నారు. రక్తం తక్కువ పోతుందట, పైపు బేగి తీసేయొచ్చట.

మా అమ్మాయి లత సంతకానికిచ్చిన కాగితం చదివి, "పాపా, ఇస్‌మే రీసెర్చ్ లిఖా హై" అంది, మొహం పాలిపోయి. రన్నింగ్ రూములో తోటి డ్రైవర్లు నీ మీద ప్రయోగం చేత్తన్నార్రా అని ఒకటే గోల. సత్యవతి ఒక్కతే మర్నాడు తిన్నగా వెళ్ళి డాక్టరుగారి ఎదురుగా కూర్చుంది. సగం తెలుగు కలిసిన హిందీ ఆవిడది. "సాబ్, బీచ్ మే నహీ హువా తో? అప్పుడేటి చేత్తారు?" అనడిగింది, మధ్యలో కుదరకపోతే అని.

ఆయన నవ్వలేదు. "తో పురానే తరీకే సే కరూంగా. సబ్‌కే సామ్‌నే" అన్నారు. అందరూ చూస్తుండగానే పాత పద్ధతికి మారిపోతానని. ఆ మాట మీదే సంతకం పెట్టాను. ధైర్యం మాత్రం రాలేదు.

నడుముకి ఇంజెక్షన్ ఇచ్చారు, స్పైనల్ అంటారు. కాళ్ళు నావి కాకుండా పోయాయి, తెలివి మాత్రం ఉంది. ఛాతీ ముందు పచ్చ గుడ్డ కట్టారు. అవతల డాక్టరుగారు కాలరుకి మైకు పెట్టుకుని ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతన్నారు. హాల్లో వాళ్ళు ఏవో అడిగితే గోడ మీది స్పీకర్లోంచి వినబడుతోంది. నాకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ. కానీ ఇంజన్ మీద బతికినవాణ్ణి, శబ్దం మారితే నాకు తెలుత్తాది. ఆయన మాటలు పొట్టివయ్యాయి. స్పీకర్లో ఎవరో ప్రశ్న అడిగారు, ఈయన జవాబు చెప్పలేదు. మళ్ళీ అడిగారు.

"మైక్ బంద్ కరో" అన్నారు డాక్టరుగారు.

ఆ మూడు ముక్కలూ నాకు బాగా అర్థమయ్యాయి. స్పీకరు చప్పున ఆగిపోయింది. నా జన్మలో అంత భయం నేనెరగను. అయిపోయింది, నన్ను చూపించడానికి తెచ్చి చంపేశారు, బయట సత్యవతీ పిల్లా కూర్చుని ఉన్నారు అనుకున్నాను. తల దగ్గరున్న మత్తు డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, రక్తం కొంచెం ఎక్కువొస్తోంది, సాబ్ లేజర్ ఆపేసి పాత పద్ధతిలో చేత్తన్నారు, మాట్లాడుతూ ఉండండి అంది. ఏం మాట్లాడను? మీ లైన్లో స్టేషన్లు చెప్పండంది. ఆసన్‌బనీ, రాఖామైన్స్, గాలూడీ, ఘాట్‌సిలా, ధాల్‌భూంగఢ్... పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఖరగ్‌పూర్ వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ బయల్దేరాను. ఎన్ని ట్రిప్పులు కొట్టానో, ఎక్కడో చాకులియా దగ్గర ఉండగా గుడ్డ మీంచి డాక్టరుగారి మొహం కనబడింది, చెమటతో తడిసిపోయి. "హో గయా" అన్నారు.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. పైపులో ఎర్రగా వత్తుంటే అటు చూడలేక గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. పైపు తీసిన రోజు ఆపరేషన్ రోజు కన్నా ఎక్కువ భయపడ్డాను. సత్యవతి బాత్రూం తలుపు బయట నిలబడి, "వచ్చిందేటండీ?" అని అడుగుతూనే ఉంది. మంటతో, కొంచెం కొంచెంగా, వచ్చింది. ఆ చప్పుడు విని ఆవిడ బయటే ఏడ్చింది.

ఇంటికెళ్ళే రోజు డాక్టరుగారు వచ్చి నా మంచం మీదే కూర్చున్నారు. మీ కేసు నా పేపర్లో ఫెయిల్యూర్ కింద రాత్తాను, వచ్చే కాన్ఫరెన్సులో ముందు మీ కేసే చూపిత్తాను అన్నారు. అప్పుడాయన తలొంచుకుని, "ముఝే ఔర్ పహలే రుక్‌నా చాహియే థా" అన్నారు. నేను ఇంకా ముందే ఆపాల్సిందని. అంత పెద్ద డాక్టరు నాతో ఆ మాట అంటారని అనుకోలేదు. తరవాత లేజర్‌లో ఆయన చెయ్యి బాగా కుదిరింది. కొన్నేళ్ళకి మహతోకీ ఇదే జబ్బు వత్తే లేజర్‌తో ఆయనే చేశారు, వాడు హాయిగా ఇంటికెళ్ళిపోయాడు.

నేను మళ్ళీ ఫిట్ అనిపించుకుని ఇంజన్ ఎక్కాను, రిటైరయ్యేదాకా నడిపాను. ఇప్పుడు టాటానగర్ పక్కనే పర్సుడీలో ఉంటున్నాం. ఏ రోజైనా ధార కాస్త సన్నబడితే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది, అబద్ధం చెప్పను. మీకెవరైనా కొత్త పద్ధతిలో చేత్తామంటే భయపడండి, తప్పులేదు. కానీ మా ఆవిడ అడిగిన ప్రశ్న అడగండి: మధ్యలో కుదరకపోతే ఏటి చేత్తారు? జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.

ఏ ఊరి హాల్లోనో ఇప్పటికీ నా బొమ్మ ఫెయిల్యూర్ అని తెర మీద పడుతూ ఉండొచ్చు. పడనీండి. నేను ఇప్పుడే గ్లాసుడు నీళ్ళు తాగి, నా అంతట నేను లేచి వెళ్ళొచ్చి ఇది రాత్తన్నాను.