సెల్లమ్మాళ్ చావు వీడియోలో ఏడుపు

ధర్మపురి బస్టాండు వెనక, ఒక టైలరు కొట్టు మీది గదిలో కనిమొళి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఆ పక్కనే ఉన్న ఇండూరు పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలోకొస్తే తమిళం. బొమ్మ కత్తిరించేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. శబ్దం బాగుచేయడంలో మాత్రం ఈమెదే పేరు. తాళి కట్టే సమయానికి పురోహితుడు తుమ్మితే ఆ తుమ్ము పీకేసి, ఇంకెక్కడిదో మంత్రం ముక్క తెచ్చి అతికిస్తుంది. పెళ్ళికొడుకు మేనమామ తాగి తిట్టిన తిట్ల మీద నాదస్వరం పరుస్తుంది. అలా ఎన్ని కుటుంబాల పరువు నిలబెట్టిందో ఆ కుటుంబాలకే తెలియదు.

పోయినేడు ఇండూరు నుంచి రంగసామి వచ్చాడు. తల్లి సెల్లమ్మాళ్ పోతే, చావు మొత్తం వీడియో తీయించాడు. కారియం నాడు, కర్మ భోజనాలయ్యాక, తెర కట్టి బంధువులందరికీ చూపించాలని ఆశ. కానీ డప్పులవాళ్ళు కెమెరా పక్కనే నిలబడి వాయించారు.

"మా ఆడోళ్ళు ఏడ్చింది ఒక్క ముక్కా వినపడల్ల పాపా. చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"డప్పు తీసేస్తే గొంతులు గూడా పోతాయన్నా. వదినని పిల్చుకోని రా. మళ్ళా ఏడిపిస్తాము."

మరునాడు రంగసామి భార్య అముద వచ్చింది. కనిమొళి ఆమెకు హెడ్‌ఫోన్ తగిలించి, మైకు ముందు కూర్చోబెట్టి వీడియో నడిపింది. తెర మీద అముద శవం పక్కన తల బాదుకుంటూ ఏదో అంటోంది. మైకు ముందు అముద "అమ్మా" అని ఏడ్చి చూసింది. కుదరలేదు. 'మ్మా' అని పెదవులు కలవాల్సిన చోట తెర మీద నోరు బార్లా తెరిచి ఉంది.

"నిజం చెప్పు వదినా, అప్పుడు ఏమన్నావు?"

అముద గుమ్మం వైపు చూసింది. మొగుడు కింద టీ తాగుతున్నాడు.

"ఇడ్లీ చాలదు, సాంబారులో నీళ్ళు పొయ్యండి అన్నాను. అంతమంది వచ్చినారు. నేను ఏడుస్తా కూర్చుంటే వాళ్ళకి ఎవురు పెడతారు?"

కనిమొళి నవ్వాపుకోలేక కుర్చీ అటు తిప్పుకుంది. ఆ తర్వాత పనిలో పడింది. ఇడ్లీకి పెదవులు కలవవు కాబట్టి అక్కడ 'అత్తా' సరిపోయింది. సాంబారు మధ్యలో కలుస్తాయి, అక్కడ 'ఓయమ్మా' కూర్చుంది. కాస్త ముందుకో వెనక్కో జరిపితే చాలు.

చిక్కల్లా అముదకు ఏడుపు రాకపోవడమే. అత్తా అన్న ప్రతిసారీ కిసుక్కుమనేది. కనిమొళి విసుగు లేకుండా మళ్ళీ మళ్ళీ అనిపించింది. ఉన్నట్టుండి అముద ఆగింది.

"బతికున్నప్పుడు ఆమెని అత్తా అని పిల్చిందే లేదు పాపా. 'ఇదో' అంటే 'ఏమి' అనేది. చక్కెర దాచిపెట్టుకునేది ముసిల్ది. నేను దొంగతనంగా తిన్నా చూడనట్టే ఉండేది."

అంటూనే భోరుమంది. అత్తా అత్తా అని ఎంతసేపు పిలిచిందో. కనిమొళి రికార్డింగ్ ఆపలేదు. చక్కెర సంగతి మాత్రం తర్వాత కత్తిరించింది.

కారియం నాడు తెర ముందు ఊరు ఊరంతా ముక్కు చీదింది. రంగసామి భార్యను కొత్తగా చూశాడు.

"మాయమ్మ అంటే ఇంత ప్రాణమా నీకు?"

"ఉండినట్టే ఉంది" అంది అముద, తనకే ఆశ్చర్యంగా.

రంగసామి చెల్లెలు మేనకకు మాత్రం ఆ సినిమా నచ్చలేదు. కన్నకూతురి గొంతే లేకుండా కోడలి ఏడుపు అంత పెద్దగా వినిపించడమేమిటి? వారం తిరక్కుండానే పౌడరు పూసుకుని, పూలు పెట్టుకుని కనిమొళి గదికి వచ్చింది.

"గొంతు మటుకే అక్కా, ముఖం రాదు."

"రాకుంటే పోనీ. మా వదిన కంటే జాస్తి వినపడాల" అంటూ మేనక మైకును దగ్గరికి లాక్కుంది.