కాఫీ తాగకుండా వెళ్ళిన అతిథి

తెల్లదొరలు ఏలే మా అరబ్బు ఊరు ఏడెన్‌లో, కోర్టులో పేర్లు పిలిచే థాబిత్ మామ గొంతు రేవు దాకా వినిపించేది. ఏం లాభం? ఆయన పిలిచిన పేరుకి సగం సార్లు ఖైదీకి బదులు చుట్టాలే లేచి, "జైల్లోనే పోయాడు మామా!" అని బదులిచ్చేవారు. అంత ఊరికీ ఒక్కడే జడ్జి. ఎండలు ముదిరితే ఆ మహానుభావుడు ఓడెక్కి చల్లటి చోటుకి పోయేవాడు.

మామ కొడుకు హాయిల్‌ని రేవులో ఏదో కొట్లాటలో పట్టుకుపోయి జైల్లో వేశారు. రెండేళ్ళయినా విచారణకి వంతు రాలేదు. కుర్రాడికి దగ్గు పట్టుకుంది. మామ రోజూ ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ పిలిచేవాడు, కొడుకు పేరు తప్ప.

ఇంతలో, ఇంకో జడ్జి కావాలో వద్దో తేల్చడానికి సీమ నుంచి పెద్ద దొర వస్తున్నాడన్నారు. కోర్టు ఎదురుగా కాఫీ అమ్మేది నేనే. మామ పొద్దున్నే వచ్చాడు.

"ఒరే ముక్బిల్, అల్లం దండిగా దంచి వెయ్యి. దొర తాగాక మావాడి సంగతి చెప్తా."

"ముందే చెప్పెయ్ మామా. దొరలకి తీరికుండదు."

"గుమ్మంలోకి వచ్చినవాడి నెత్తిన మన ఏడుపు రుద్దుతామా? సిగ్గులేదూ? ముందు కాఫీ, తర్వాతే కష్టం."

అల్లం దంచాను. మాలో ఎవరైనా అంతే. ఇంట్లో శవం ఉన్నా సరే, అతిథి అడిగితే ముందు కులాసా అనే అంటాం.

దొర వచ్చాడు. వరండా నిండా జనం. దుబాసీ చేత అడిగించాడు, "ఇక్కడ మీకేమైనా ఇబ్బందా?" అని.

"దేవుడి దయ, అంతా కులాసా!" అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా వినిపించింది మామ గొంతే.

దొర సంతోషంగా తలూపి గడియారం చూసుకున్నాడు. నేను పళ్ళెంతో మెట్లెక్కుతుంటే ఆయన దిగిపోతున్నాడు. "కాఫీ దొరా, కాఫీ!" అంటూ మామ బండి వెనక పరిగెత్తాడు.

"ఓడకి వేళయింది, పోవయ్యా ముసలాడా!" అని కసిరాడు దుబాసీ.

జనం సుఖంగానే ఉన్నారు కనుక ఇంకో జడ్జి అక్కర్లేదని తేల్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

జైలు కటకటాల వెనక నుంచి హాయిల్ అడిగాడు, "చెప్పావా నాన్నా?"

"కాఫీ తాగలేదురా."

వాడూ మావాడే కదా, ఇంకేమీ అడగలేదు.

చలికాలంలో హాయిల్ వంతు వచ్చింది. పిలవడం మామ ఉద్యోగం. రేవు దాకా వినిపించేలా కొడుకు పేరు మూడుసార్లు పిలిచాడు. బదులివ్వడానికి వేరే చుట్టాలు లేరు.

"పోయాడు," అన్నాడు మామే.