చూడకుంటే దిగే రేటు

ఒక అబద్ధం చెప్పి పదిహేనేళ్ళు దాటింది. చిన్న అబద్ధమే. దాని వల్ల ఎవరి ఇల్లూ కూలలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. అయినా అది నన్ను వదల్లేదు. నలుగురిలో కూర్చుని నవ్వుతున్నప్పుడు కూడా లోపల ఒక మూల అది మెదులుతూనే ఉంటుంది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక.

నేను కర్నూలులో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. రెండు వేల ఏడు ప్రాంతంలో, చీటీ పాడుకున్న డబ్బుతో డిజిటల్ కెమెరా కొన్నాను. ఆదివారాలు పెళ్ళిళ్ళకు, స్కూలు వార్షికోత్సవాలకు, తిరునాళ్ళకు పోయి ఫోటోలు తీసేవాణ్ణి. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, నేనే పోయేవాణ్ణి. తీసినవాటిని ఒక విదేశీ సైటులో పెట్టేవాణ్ణి. ఎవరూ ఊరికే దింపుకోకుండా ప్రతి ఫోటో మీద అడ్డంగా నా పేరు పరిచేవాణ్ణి. కింద రేటు మనమే వేసుకోవాలి. కావలసినవాళ్ళు ఫోన్ చేస్తే డబ్బు తీసుకుని, పేరు లేని ఫోటోను సీడీలో వేసి ఇచ్చేవాణ్ణి. సైటు అడ్రసు, ఫోన్ నంబరు వేయించిన కార్డులు కట్టలు కట్టలుగా పంచాను. ఆఫీసులో నన్ను ఎగతాళి చేశారు. చేయనీ అనుకున్నాను. నాకు నేను పెద్ద కళాకారుణ్ణి.

ఆ ఏడాది నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో చర్చి కోత పండుగకు పోయాను. పంట చేతికొచ్చాక అక్కడివాళ్ళు తమ చేలో పండినది చర్చికి తెస్తారు. సంచెడు కందులో, బుట్టెడు వేరుసెనగలో, కాళ్ళు కట్టిన కోడో. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ వేలంలో సరుకు ఎంత చేస్తుందని ఎవరూ చూడరు. పది రూపాయల సొరకాయ వందకు పోతుంది. దేవుడికి ఇచ్చేదే కదా అని ఒకరి మీద ఒకరు నవ్వుకుంటూ పాట పెంచుతారు. ఆ రోజు ఒక పెద్దాయన తాను తెచ్చిన గుమ్మడికాయను తానే పాడుకున్నాడు. కుర్రవాళ్ళు ఆటపట్టిస్తూ పాట పెంచారు. ఆయన వదల్లేదు. చివరికి మూడు వందలకు దక్కించుకుని, కాయను రెండు చేతులతో తల మీదికి ఎత్తి, ఉన్న నాలుగు పళ్ళూ కనబడేలా నవ్వాడు. సరిగ్గా అప్పుడు నొక్కాను.

నా చేతి నుంచి అంత మంచి ఫోటో మళ్ళీ రాలేదు.

సైటులో దానికి యాభై రూపాయలు పెట్టాను. ఆరు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఉన్నట్టుండి కదలిక వచ్చింది. ఏ ఫోటోను ఎన్నిసార్లు తెరిచారో ఆ సైటు నాకు చూపించేది. శనివారం పొద్దున లేచి చూస్తే గుమ్మడికాయ ఫోటో అంకె పదో పన్నెండో పెరిగి ఉండేది. మరుసటి శనివారం ఇంకా ఎక్కువ. ఎవరో పెద్దవాళ్ళ కంట పడిందనుకున్నాను. ఏ క్యాలెండర్ కంపెనీవాళ్ళో బేరానికి ముందు చూసుకుంటున్నారనుకున్నాను. యాభైని వంద చేశాను. చూడటం ఆగలేదు. రెండు వందల యాభై చేశాను. ఆగలేదు. ఐదు వందలు. ఇంత మందికి కావలసిన దాన్ని అగ్గువకు ఇవ్వడం ఏమిటని ఒక శనివారం వెయ్యి చేశాను.

ఒకే మనిషి అదే ఫోటోను అన్నిసార్లు తెరుస్తుండవచ్చన్న ఆలోచన నాకెందుకు రాలేదు? ఎవరి ఫోటోనైనా నేను అన్నిసార్లు చూసుకున్నానా? లేదు. అందుకే రాలేదేమో.

ఆ మరుసటి రోజే, ఆదివారం మధ్యాహ్నం, ఒక యువకుడు ఇంటికి వచ్చాడు. ఇరవై ఐదేళ్ళుంటాయి. చేతిలో నేను పండుగనాడు పంచిన కార్డు, నలిగి మెత్తబడిపోయినది. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

“గుమ్మడికాయ ఫోటో తీసినది మీరే కదా, సార్? ఆయన మా నాయన. పోయి మూడు నెల్లాయ.”

నేను ఏదో అన్నాను. అయ్యో అనే అని ఉంటాను.

“మా యక్క కువైట్‌లో ఉండాది. ఇంటి పనికి పోయింది. మట్టి చేసేటప్పుడు గూడా రాలేకపాయ. శుక్రవారం ఆడ చర్చికి పోయినప్పుడు, పక్కనే నెట్ సెంటర్‌లో కూచోని నాయన్ను చూస్తాంది. మూసేదంట, మళ్ళా తెరిచేదంట. మొగం మీద మీ పేరుండాది కదా, సార్, అది లేకుండా ఒకటి కావాలంటాంది.”

చొక్కా జేబులోంచి మడత పెట్టిన ఐదు వందల నోటు తీశాడు.

“ఇప్పుడది వెయ్యి, అప్పా” అన్నాను.

అతనికి కోపం రాలేదు. ఆశ్చర్యపోయాడంతే.

“మొన్న శుక్రవారమే ఐదు నూర్లని చెప్పెనే! ఎవురు పెంచినారు, సార్?”

ఇదీ ప్రశ్న. దీనికి ఒక్క ముక్కలో జవాబు ఉంది. ఆ ముక్క నా నోటికి రాలేదు.

“మన చేతిలో ఏముండాది, అప్పా? చూసేటోళ్ళు ఎక్కువైతే కంప్యూటరే పెంచుతాది.”

అతను చేతిలోని నోటు వంక చూశాడు.

“అట్లయితే, చూడకుంటే దిగుతాదా, సార్?”

“దిగచ్చు.”

అతను నవ్వాడు. అదే నవ్వు, తండ్రిదే. “అయితే అక్కే పెంచుకుంటాంది. మా నాయన మాదిరే, తన వస్తువుకు తనే పాట పెంచుకుంటాంది. చూడద్దని చెప్తాలే, సార్” అన్నాడు. నోటు మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన ఫోన్ నంబరు రాసిచ్చి, రేటు దిగితే ఒక మాట చెప్పమని పోయాడు.

నా వెనక బల్ల మీద కంప్యూటర్ నడుస్తూనే ఉంది. పేరు లేని ఫోటో అందులోనే ఉంది. సీడీలో వేయడానికి రెండు నిమిషాలు చాలు.

ఎందుకు ఇవ్వలేదు? ఐదు వందల మీద ఆశతో కాదు, నమ్మండి. నేనే పెంచానని చెబితే, చచ్చిపోయిన తండ్రిని బిడ్డ చూసుకుంటుంటే దానికి రేటు కట్టినవాణ్ణని అతని ముందు తేలిపోతుంది. ఆ సిగ్గు తట్టుకోలేక తప్పును కంప్యూటర్ మీదికి నెట్టాను. నెట్టాక ఇక ఐదు వందలు తీసుకోవడానికి లేదు, ఊరికే ఇవ్వడానికి అంతకన్నా లేదు. నా మాటకు నేనే కట్టుబడిపోయాను. అలా అని సర్దిచెప్పుకున్నాను. “పోనీలే, తీసుకుపో” అంటే అతను ఏమీ అడిగేవాడు కాదని నాకు అప్పుడూ తెలుసు.

ఆ వారం శనివారం చూశాను. అంకె పెరగలేదు. మిగతావాళ్ళు ఎవరైనా చూడకపోతారా అనుకున్నాను. రెండో శనివారమూ అంతే. మిగతావాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ నా ఫోటోను చూసింది ఒక్క మనిషి. ముందు నాకు కలిగినది జాలి కాదు, ఉక్రోషం. అది కూడా చెప్పేస్తున్నాను. జాలి మూడో వారానికి వచ్చింది. ఆమె చర్చి నుంచి బయటికి వస్తుంది. పక్కనే నెట్ సెంటర్ ఉంటుంది. రేటు దిగాలని, తండ్రి ముఖం చూడకుండా దాన్ని దాటి పోతుంది. నేను చెప్పిన మాట మీద నమ్మకంతో.

అప్పుడైనా దించవచ్చు. దించలేదు. ఆమె తమ్ముడికి ఫోన్ చేసి నిజం చెప్పాకే దించుదాం అనుకున్నాను, ఫోన్ చేయడం రేపటికి వాయిదా వేశాను. అలా ఇంకో మూడు వారాలు పోయాయి.

ఆరో శనివారం అంకె ఒకటి పెరిగింది. ఒక్కటే. ఐదు వారాలు ఓర్చుకుని, ఇక దిగి ఉంటుందిలే అని ఆమె ఆ శుక్రవారం వచ్చి చూసింది. వెయ్యి అలాగే ఉంది. ఈసారి మూసి మళ్ళీ తెరవలేదు.

ఆ పూటే యాభై చేశాను. వారం చూసి, ఉచితం అని పెట్టాను. ఫోటో మీద నా పేరు తీసేశాను. ఎన్ని శనివారాలు చూశానో. ఆ అంకె మళ్ళీ కదల్లేదు. నంబరు నా దగ్గర ఉంది, ఫోన్ చేయలేదు. అతనూ చేయలేదు. రెండేళ్ళకు ఆ సైటే మూతపడింది.

ఆమె కువైట్ నుంచి వచ్చిందో లేదో తెలియదు. తండ్రిది వేరే ఫోటో ఏదైనా ఉందో లేదో తెలియదు. కనుక్కోవడం కష్టం కాదు. శ్రీశైలం పోయే బస్సు ఆ ఊరి దారి పక్క నుంచే పోతుంది. పోయిన ప్రతిసారీ అటు కిటికీ పక్కన కూర్చోను. కెమెరా అమ్మేశాను. ఫోటో మాత్రం ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మార్చుకుంటూ వచ్చాను. ఇప్పుడూ ఉంది. ఇప్పుడు దాన్ని తెరిచి చూసేవాణ్ణి నేనొక్కణ్ణే.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీరు ఇవ్వగలిగినది కాదు. ఆ మధ్యాహ్నం నా గది కుర్చీలో కూర్చున్నవాడికి చెప్పవలసిన మాట ఒకటి నాలోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఇక్కడ పెడుతున్నాను.

ఏమప్పా, కంప్యూటర్ కాదు. నేనే పెంచినాను.